ఆనంద హస్తాలు

"ఏనుగు తొండం ఇలా పక్కకి వాలిపోయిందేంటి వదినా? జలుబు చేసిందా?"

మరిది ఫోన్‌ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని అడిగాడు. వదిన దూది కూరుతున్న చెయ్యి ఆపలేదు. ఆ ఏనుగు ఆమె కుట్టిన గుడ్డబొమ్మ. దాని ఫోటో అతని సైట్లో ఉంది.

"వాలిపోలేదు. పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోడానికి చాపింది," అంది.

"కొనేవాళ్ళకి అవన్నీ పడతాయా? ఆనంద హస్తాలు వాళ్ళ ఏనుగు చూడండి. స్కేలు పెట్టి గీసినట్టుంది తొండం."

మొదలైంది పారాయణం, అనుకుంది వదిన.

రెండు నెలల క్రితం మరిది చేతిపనులవాళ్ళ కోసం ఆన్‌లైన్లో ఒక అంగడి తెరిచాడు. ఎవరి సరుకు వాళ్ళు పెట్టుకుని అమ్ముకోవచ్చు. కోడ్ ఒక్క అక్షరం రాయలేదు. రెడీమేడ్ టెంప్లేట్ ఒకటి తీసుకుని, పెట్టెలు అటూ ఇటూ జరిపి, మీట నొక్కి మొత్తం తెలుగులోకి మార్చేసి, శుక్రవారం మొదలెట్టి ఆదివారానికి ముగించాడు. అప్పట్నించీ అతన్ని పట్టడానికి పగ్గాల్లేవు. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివినవాళ్ళని చూస్తే అతనికి జాలి. మొదటి ఏడాది ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోనని మహాదాతలా ప్రకటించాడు కూడా.

అంగట్లో వదినతో పాటు కుండలాయన, బుట్టలావిడ చేరారు. నెల తిరక్కుండా ఇద్దరూ దణ్ణం పెట్టి తప్పుకున్నారు. అదే అంగట్లో ఉన్న ఆనంద హస్తాలు అనే దుకాణం ముందు నిలబడలేకపోయారు పాపం. దానికి రెండొందల నలభై ఎనిమిది అమ్మకాలు, ఐదుకి ఐదు నక్షత్రాలు. అది చూపించి మరిది కుండలాయనతో "మీవి వంకర" అన్నాడు. బుట్టలావిడతో "మీవి ముతక" అన్నాడు.

వదిన అమ్మినవి పదకొండు.

"పేరు చూడు, ఆనంద హస్తాలట! కీళ్ళనొప్పుల మందులా ఉంది," అంది వదిన.

"బ్రాండ్ అంటే అలాగే ఉంటుంది. మిమ్మల్నందర్నీ నేను బతిమాలి చేర్చాల్సి వచ్చింది. ఆ దుకాణం ఆవిడ తనంతట తనే ముందొచ్చి కూచుంది."

వదిన ఫోన్ లాక్కుని ఆవిడ ఫోటో చూసింది. తెల్లటి ఏప్రాన్, పళ్ళన్నీ కనపడే నవ్వు.

"దూది పని చేసేదాని ఏప్రాన్‌కి ఒక్క పింజ అంటలేదు. వేలికి ఒక్క సూదిపోటు లేదు. ఈవిడ కుడుతుందంటే నేను నమ్మను. కుట్టిస్తోంది."

"కుట్టిస్తే తప్పా? దాన్నే ఎదగడం అంటారు. ఆడలేక మద్దెల ఓడని ఊరికే అన్నారా? కస్టమర్లు ఏమంటున్నారో చదవండి."

వదిన పైకే చదివింది. "'ఈ ఉత్పత్తి నా అంచనాలను కలుసుకుంది. నేను అత్యంతగా సిఫారసు చేస్తాను.' ఏ తల్లి కన్న బిడ్డ నాయనా ఇలా మాట్లాడేది?"

"పెద్ద కస్టమర్లు వదినా. మీవాళ్ళలా రాయరు."

వదిన వాళ్ళలో ఒకావిడ ఇలా రాసింది: 'మా పాప దీన్ని వదలట్లేదండీ తొండం పట్టుకుని పడుకుంటోంది ఇంకోటి చేస్తారా'. కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు అని మరిది మొహం చిట్లించాడు.

ఆ ఉక్రోషంలోనే వదిన నోరు జారింది. "నెలాఖరుకి ఇరవై అమ్మకపోతే నా మిషన్ అమ్మేసి యూనిఫాంల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టుకుంటాను."

"అదీ ఆలోచించాల్సిన విషయమే," అన్నాడు మరిది. కాదనలేదు. అది ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది.

తర్వాతి మూడు వారాలు ఆమె తన బొమ్మలు మానేసి ఆనంద హస్తాల బొమ్మలు కుట్టింది. బూడిదరంగు గుడ్డ, నిటారు తొండం, ఫోటోకి వెనక తెల్ల దుప్పటి. తొండం మటుకు ఎంతకీ నిలవలేదు. చివరికి పౌరుషం చంపుకుని ఆవిడకే సైట్లో రాసింది: "అమ్మా, తొండం లోపల ఏం పెడతారు?"

రెప్పపాటులో జవాబొచ్చింది. "మీ సందేశం మాకు ముఖ్యం. త్వరలో స్పందిస్తాము."

స్పందించలేదు. మళ్ళీ రాస్తే మళ్ళీ అదే ముక్క.

"ఎంత పొగరు!" అంది వదిన.

"ఎంత క్రమశిక్షణ!" అన్నాడు మరిది.

నిటారు తొండం ఏనుగుల్ని ఒక్కరూ కొనలేదు. వాటిని చూస్తే ఆమెకే అసహ్యం వేసింది. పదిహేనేళ్ళుగా కుడుతున్న తన చేతుల మీద మొదటిసారి నమ్మకం పోయి, ఏడుపొచ్చింది. ఫ్యాక్టరీకి వెళ్ళి పేరిచ్చి వచ్చింది.

నెలాఖరున వీధి చివరి దర్జీ మిషన్ కోసం వచ్చాడు. ఆమె గోడకి ఆనుకుని చూస్తూ నిలబడింది. అతను దాన్ని పక్కకి వంచి తాడు చుడుతున్నాడు.

మరిది సోఫాలో కాలు మీద కాలేసుకుని టెంప్లేట్ కంపెనీకి ఫోన్ చేశాడు. తన గొప్ప నలుగురూ వినాలి కాబట్టి స్పీకర్ పెట్టాడు.

"బాధపడకండి వదినా," అన్నాడు అవతలివాళ్ళు ఎత్తేలోపు. "మీరు వెళ్ళిపోయినా మా అంగడికేం కాదు. నిలబెట్టడానికి ఆవిడ ఒక్కతి చాలు."

దర్జీ తాడు బిగించి ముడేశాడు.

"హలో, మా సైట్లో ఆనంద హస్తాలు అని ఒక దుకాణం ఉంది. దాన్ని మొదటి పేజీలో పెద్దగా పెట్టాలి. ఎంత లాగినా జరగట్లేదు," అన్నాడు మరిది ఫోన్లో.

"ఒక్క నిమిషం సార్." కీబోర్డు చప్పుడు. "సారీ సార్, అది జరగదు."

"జరగదంటే ఎలాగమ్మా? ఇక్కడ నిజంగా అమ్ముతున్నది ఆవిడొక్కతే!"

"సార్, అది టెంప్లేట్‌తో పాటు మేమిచ్చే నమూనా దుకాణం."