నాలుగో పీరియడ్

“ఖాళీయా? పన్నెండో తరగతిలో ఖాళీ పీరియడా?”

క్రెయిగ్ డూడెక్ చేతిలోని కాగితాన్ని బల్లకేసి కొట్టాడు. కాఫీ కప్పు ఎగిరిపడింది. కౌన్సెలర్ జోనీ ప్రూయిట్ కప్పును పట్టుకుంది గానీ ముఖంలో ఏ కదలికా లేదు. పిల్లలు వచ్చే ఏడాది కోర్సులు ఎంచుకునే వారం ఇది. ఈ వారమంతా ఆమెకు అరుపులే ఫలహారం.

“ముందు కూర్చోండి, క్రెయిగ్ గారూ.”

“కూర్చోడానికి రాలేదు. మా హేజెల్ రాసిందాన్ని చూశారా? నాలుగో పీరియడ్ ఖాళీ అట! పైగా దానికి మీ ముద్ర ఒకటి!”

“అందిందని వేసిన ముద్ర అది. తండ్రి సంతకం పడితేనే చెల్లుతుంది.”

“పెట్టను. చచ్చినా పెట్టను.”

“మిగతావి కూడా చూడండి. కెమిస్ట్రీ, చరిత్ర, సాహిత్యం, స్పానిష్. నాలుగూ కాలేజీ స్థాయివే. సాయంత్రం ఈత ప్రాక్టీసు. పిల్ల కూడా మనిషే కదండీ.”

“ఇంజినీరింగ్ చదువుతానన్న పిల్ల కాలిక్యులస్ మానేసి కిటికీలోంచి ఉడతల్ని లెక్కపెడుతుందా? ఎదురింటి కోవాక్స్ వాళ్ల అబ్బాయిని చూడండి. లంచ్ పీరియడ్ కూడా వదులుకుని ఏడు కోర్సులు పెట్టుకున్నాడు. శాండ్‌విచ్ బస్సులో తింటాడు.”

“ఆ అబ్బాయే పోయిన వారం కళ్లు తిరిగి నర్సు గదిలో పడుకున్నాడు.”

“లేచాడుగా!”

డూడెక్ బల్ల మీదికి వంగాడు.

“కాలేజీలకు మీరు పంపే ఫారంలో ఒక గడి ఉంటుంది గదా. ఈ బడిలో ఉన్నవాటిలో అన్నిటికన్నా కష్టమైన చదువు ఎంచుకుంది అని. కాలిక్యులస్ లేకుండా ఆ గడిలో టిక్కు పెడతారా మీరు?”

“పెట్టలేను. దాని కింది గడిలో పెడతాను. దానికీ మంచి సీట్లొస్తాయి.”

“కింది గడా? నా కూతురికి కింది గడా!”

డూడెక్‌కి ఒళ్లు మండిపోయింది. చొక్కా చేతి మీది నీలి మరకను బొటనవేలితో రుద్దుకుంటూ గదిలో అటూ ఇటూ తిరిగాడు.

“212వ గదిలో ఆ కాలిక్యులస్ క్లాసు ఎలాంటిదో మీకు తెలీదా? పోయినేడు చివరి పరీక్ష రాసిన పద్దెనిమిది మందీ పాసయ్యారు. చుట్టుపక్కల ఏ బడిలో అయ్యారో చెప్పండి!”

“అయ్యారు. కానీ చేరింది ఇరవై ఆరు మంది.”

“మానేసిన ఎనిమిది మందీ సోమరిపోతులు!”

“ఆ ఎనిమిది మందీ ఈ కుర్చీలోనే కూర్చుని ఏడ్చారు.”

డూడెక్ ముఖం కందగడ్డలా అయింది. జోనీ కాగితాన్ని తన వైపు తిప్పుకుంది.

“అడుగున హేజెల్ కారణం రాసింది. చదివారా?”

“దాని సాకులు నాకెందుకు?”

“అయితే నేను చదువుతాను, వినండి. ‘ఇంట్లో పడుకునేదాకా తిట్లే. బళ్లో కూడా అవే వినలేను. రోజుకి ఒక్క గంట నన్ను ఎవరూ ఏమీ అనకుండా కూర్చోవాలని ఉంది. ప్లీజ్, ఆ ఒక్క గంట నాకివ్వండి.’”

“ఎవరు తిడుతున్నారు దాన్ని?”

ఆ కేకకు వరండాలో పోతున్న పిల్లలు ఆగి, అద్దంలోంచి లోపలికి తొంగిచూశారు. డూడెక్‌ని చూడగానే తలలు వంచుకుని గబగబా వెళ్లిపోయారు.

జోనీ గొంతు అప్పుడు లేచింది. “మూడేళ్లుగా చూస్తున్నాను ఆ పిల్లని. ఏనాడూ ఏదీ అడగలేదు. ఇదొక్కటే అడిగింది. శుక్రవారం దాకా గడువుంది. ఇంటికెళ్లి దాంతో ఒక్కసారి నెమ్మదిగా మాట్లాడండి, మీకు దణ్ణం పెడతాను.”

“మాట్లాడేదేముంది? ఖాళీగా కూర్చుని బాగుపడ్డవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు.”

జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. ‘ఖాళీ’ అన్న మాట మీద కాగితం చిరిగేలా రెండు గీతలు గీశాడు. పక్కన ‘కాలిక్యులస్, 212’ అని రాసి, కింద సంతకం గిలికాడు.

గంట మోగింది.

తన ఖాళీ పీరియడ్ అయిపోవడంతో డూడెక్ గబగబా మెట్లెక్కి 212లోకి వెళ్లి, బల్ల మీద దబ్బున చరిచి, “కాలిక్యులస్ పుస్తకాలు తీయండి, సోమరిపోతుల్లారా!” అని అరిచాడు.