మూల మేక

"చూడు, మళ్లా ఓడిపోయినావు!" నల్లప్ప తొడ చరిచాడు.

గడప ముందు బండ మీద సుద్దతో గీసిన పులిమేక పటం. మూడు గులకరాళ్లు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. పులులెప్పుడూ నల్లప్పవే. ఆయన పెండ్లాం సోమక్క రోజూ మేకలు పెడుతుంది, రోజూ ఓడుతుంది. పెండ్లయిన కొత్తలో పొరపాటున ఒకసారి గెలిచిందట. రెండు రోజులు సంగటి ముట్టలేదు మహానుభావుడు.

"మొదటి మేకను ఎప్పుడూ ఆ మూలలోనే పెడతావేమే? ఆడ దానికి గడ్డి ఉండాదా?"

"నాకేం తెలుసప్పా. తిందువు రా," అంది సోమక్క, గింజలు ఏరుకుంటూ.

గెలిచినా ఆ పూట నల్లప్పకు ముద్ద దిగలేదు. పక్కింటి పుల్లన్న వాకిట్లో మళ్లీ ఆ స్కూటర్! హిందూపురంలో కంప్యూటర్ సెంటర్ పెట్టిన రామాంజినేయులుది. పాత ఆటలు మాసిపోతున్నాయి, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానంటూ నెల రోజులుగా పెనుకొండకు తిరుగుతున్నాడు. పులిమేక పుల్లన్న దగ్గర నేర్చుకుంటున్నాడట. నల్లప్ప చేతిలో పాతికసార్లు ఓడిన పుల్లన్న దగ్గర!

"నన్ను అడగల్లని తోచలేదా వానికి? ఈ ఊర్లో పులిమేకంటే నేను గదా!"

"పోనీలే. నేను పుల్లన్న ఇంటికాడికి పోయొస్తా. వాళ్లామె పూలు కట్టేకి రమ్మనింది."

"పో పో! వానికి ఇన్ని మజ్జిగ్గూడా పోసి రా!"

కడుపుమంటతో మనిషి సగమయ్యాడు. ఆట తయారైందని తెలిసిన రోజే హిందూపురం బస్సెక్కాడు. సెంటర్‌లో పేరు చెప్పుకోలేదు. ఆడేదానికి వచ్చినానని కుర్చీ లాక్కున్నాడు. పుల్లన్న పరువు నలుగురి ముందర తీయాలి, అంతే.

పులులు నల్లప్పవి. మేకలు కంప్యూటర్‌వి. తెర మీద మొదటి మేక పోయి మూలలో కూర్చుంది.

నల్లప్ప పగలబడి నవ్వాడు. "వీని తెలివి తెల్లారినట్లే ఉండాది! మా ఇంటిది గూడా ఇంతే!"

పది నిమిషాలకు మూడు పులులూ కదల్లేక నిలబడిపోయాయి. ఆఖరి దారి మూసింది ఆ మూల మేకే. రెండో ఆటా అంతే. మూడోదానికి చొక్కా తడిసిపోయింది. వెనక నిలబడినవాళ్లు కిసుక్కున నవ్వారు.

"ఇది పుల్లన్న ఆట కాదబ్బా!" నల్లప్ప లేచి నిలబడ్డాడు. "వాని ఆట నాకు తెలీదా? నిజం చెప్పు, ఎవురు నేర్పినారు దీనికి?"

రామాంజినేయులు మొహమాటంగా తల గోక్కున్నాడు. "నిజమే పెద్దాయనా. పుల్లన్నకు అంత రాదు. ఆయన ఇంట్లో కూర్చోని రాసుకుంటి, అంతే."

"మరి నేర్పిందెవురు?"

"పూలు కట్టేకి వచ్చే పక్కింటి సోమక్క."