సర్వర్ గది తాళంచెవి

నేను చాటలో బియ్యం ఏరుతుంటే, మా కాలేజీ అటెండర్ సుభాన్ చాచా వచ్చి సర్వర్ గది తాళంచెవి నా ముందు పెట్టాడు.

“రేపట్నుంచి రావద్దన్నడు సారు. దుమ్ము తుడుస్తుంటే నా చెయ్యే తగిలిందేమో. నిన్ను పరేషాన్ చేసిన, మాఫ్ చెయ్యి బిడ్డా.”

నేను చూసుకునే కాలేజీ కంప్యూటర్లలో మూడు రోజులుగా ఎవరికీ లాగిన్ కావడం లేదు. చాచా వైరు కదిలించాడని ప్రిన్సిపాల్ సారుకు చెప్పింది నేనే.

ఫోన్ మోగింది. చేయి ఖాళీ లేక స్పీకర్ పెట్టాను. కంప్యూటర్ మెకానిక్ మహిపాల్.

“లాగిన్ అయితున్నది ఉమారాణీ. వైరు మంచిగనే ఉండె. సర్వర్‌కున్న నెట్‌వర్క్ నెంబరే కొత్త ప్రింటర్‌కు పెట్టినవ్ నువ్వు. సర్వర్ పేరు కొడితే అందరు ప్రింటర్ కాడికి పోతున్నరు. అదేం లోపలికి రానిస్తది!” అని నవ్వాడు.

తాళంచెవి తీసి చాచా వైపు చాపాను. ఆయన తీసుకోలేదు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.