సీలు తీయని పాట

పాటల రికార్డులు సేకరించే మా నాన్నకు వాటిలో ఒకదాని అట్ట అంటే ప్రాణం. దాని మీద పడవలో కూర్చుని నీళ్లలో చెయ్యి ముంచిన అమ్మాయి బొమ్మ తప్ప, పాడినవాళ్ల పేరు కూడా లేదు. సీలు తీయకుండానే దాన్ని కిటికీ ఎదుటి గోడకు తగిలించాడు.

"ఒక్కసారి వినండి. ఎవరు పాడారో చెప్పుకోండి చూద్దాం," అనేది అమ్మ.

"ఎవరైతేనేం? సీలు తీస్తే దాని విలువ పోతుంది. పాటెక్కడికి పోతుందే, గోడ మీదే ఉందిగా!"

"లోపల పెనం పెట్టి ఇచ్చినా మీకు తెలీదు," అని నవ్వేసి, ఆ బొమ్మ చూడవచ్చిన నాన్న స్నేహితులకు టీ పెట్టడానికి వెళ్లేది.

ఆసుపత్రి మంచం మీంచి అమ్మ ఆఖరిసారి నాన్న చెయ్యి పట్టుకుని అడిగింది కూడా అదే. "ఇంటికెళ్లాకైనా వింటారా?"

అమ్మ లేని ఇంటికి తిరిగొచ్చి, చెప్పులైనా విడవకుండా నాన్న ఆ రికార్డును గోడ మీంచి దించాడు. గోరుతో సీలు చించి, ప్లేయర్ మీద పెట్టాడు.

ఇన్నేళ్ల ఎండకు రికార్డు వంకర తిరిగిపోయింది. ముల్లు ఎగిరెగిరి పడింది. గరగర తప్ప ఏమీ వినిపించలేదు.

"ఆపెయ్యండి నాన్నా," అన్నాను.

రికార్డు ఆగింది. దాని నడుమ అంటించిన గుండ్రటి కాగితం మీద, పాడినవారి పేరు అప్పుడు కనిపించింది. ఇంటిపేరుతో సహా, పెళ్లికి ముందు అమ్మ పేరు.

నాన్న మళ్లీ అట్ట వైపు చూడలేదు. ఆ పేరు మీద వేలు పెట్టి కూర్చున్నాడు.

"పాటెక్కడికి పోతుంది అన్నానే నీతో," అన్నాడు.