కూర్మమ్మను కాకి తన్నింది

పెరట్లో వడియాలు పెడుతున్న కూర్మమ్మ నడినెత్తి మీద మంగళవారం పొద్దున్నే కాకి తన్నింది.

"సచ్చాన్రా దేముడో!" అని ఆవిడ పెట్టిన కేకకి గజపతినగరం పోయే బస్సు కూడా ఆగే ఉంటుంది.

పక్కింటి సూరయ్య పరుగున వచ్చాడు. ఊళ్ళో ఎవరికి ఏ అరిష్టం వచ్చినా విరుగుడు ఆయన నోట్లో సిద్ధంగా ఉంటుంది.

"కాకి తంతే సావే వదినా! ఒకటే దారున్నాది. నువ్వు పోయావని నీ మనిసెవరికైనా అబద్దం కబురెట్టాల. ఆ మనిసి నిజమని నమ్మి ఏడవాల. కన్నీటి సుక్క రాలిందా, గండం తప్పినట్టే. తరవాత నిజం సెప్పీవచ్చు."

"దానికెవరో ఎందుకు? నేనేడుస్తాను కదా" అంది చిన్నకోడలు దేముడమ్మ, అప్పుడే కొంగు కళ్ళ దగ్గరికి తెచ్చుకుని.

"తెలిసేడిస్తే సెల్లదమ్మా."

"తెలీక ఏడిసినా అది నా పెట్టిలో బంగారు కంటె కోసమేలే" అంది కూర్మమ్మ.

ఇక మిగిలింది మనవడు నరసింగరావు. విజయనగరంలో ఓ ఆఫీసులో గుమస్తా. వాడి పేరెత్తగానే ముసలమ్మ రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"వద్దు బాబూ! ఆడి గుండె పగిలిపోతాది. అంతకన్నా నేను పోడమే మేలు."

అంత ప్రేమ మరి. తల్లీతండ్రీ లేని పిల్లాడని ఒళ్ళో పెట్టుకు పెంచింది. మీగడంతా వాడి కంచంలో పడేది, మిగతా మనవలకి మజ్జిగ. ఎస్సెల్సీ మూడుసార్లు తప్పితే మూడుసార్లూ పేపర్లు దిద్దినవాళ్ళని తిట్టింది తప్ప వాణ్ణి పల్లెత్తు మాటనలేదు. ఉద్యోగం వచ్చాక గాజులమ్మి, ఊళ్ళో ఎవరికీ లేని ట్రాన్సిస్టరు కొనిపెట్టింది.

వాడు మాత్రం తక్కువవాడా! నెల తిరిగేసరికి ఉత్తరం. "మామ్మా, నువ్వే నా ప్రాణం. రెక్కలు కట్టుకుని వాలిపోదామని ఉంది. మా ఆఫీసరు రాక్షసుడు, సెలవివ్వడు." ఆ ఉత్తరం వీధి వీధంతా వినేది. ఏడాదిగా వాడి మొహం చూడలేదు కదా అని ఎవరైనా అంటే, కూర్మమ్మ ఆ ఆఫీసరు వంశాన్ని శపించేది.

సూరయ్య గంటసేపు బతిమాలాక ఎట్టకేలకు ఒప్పుకుంది. పాతికేళ్ళుగా ఆ ఇంటి పొలం చూస్తున్న కంబారి ఎర్రన్నని పిలిచింది.

"ఒరే ఎర్రన్నా, టక్కున సెప్పీకురా. ముందాడిని కూకోబెట్టు. మంచినీళ్ళియ్యి. ఒక్క సుక్క రాలగానే, బతికే ఉన్నాది బాబూ అని సెప్పీ. రెండో సుక్క రానీకు. ఆడు తట్టుకోలేడు."

ఎర్రన్న తొమ్మిది గంటల బస్సెక్కాడు.

కూర్మమ్మ అరుగు మీద కూలబడింది. గంజి ముట్టలేదు. 'ఈపాటికి ఏడుస్తుంటాడు, నా తండ్రి' అని తలచుకుని తనే ఏడ్చింది. మధ్యాహ్నానికి కాళ్ళు చల్లబడుతున్నట్టు అనిపించింది. మూడింటికల్లా తన చావు మీద పూర్తి నమ్మకం కుదిరింది. పాత చీరతో పోతే పరువు తక్కువని పెట్టె తెరిచి కొత్త చీర కట్టుకుంది. పెట్టె తెరిచినప్పుడు దేముడమ్మ పక్కనే ఉంది.

పొద్దు వాలుతుండగా ఎర్రన్న ఒక్కడే వచ్చాడు.

"నా మనవడేడ్రా?"

"బాబు ఆపీసులో లేడమ్మా. ఆపీసరు బాబుకే సెప్పినాను. ఆయన నన్ను కిందా మీదా సూసినాడు."

"ఆడికి కబురే అందలేదా? అయితే ఏడవలేదా? సచ్చాన్రా నాయనో!"

ఎర్రన్న తలపాగా విప్పి బుర్ర గోక్కున్నాడు.

"ఏడవకేటమ్మా! నిరుడు నువ్వు సచ్చిపోయినప్పుడు ఆపీసు బల్లకి బుర్ర బాదుకుని ఏడిసినాడంట, నెలనెలా నీ మాసికానికి సెలవడిగినప్పుడల్లా ఏడిసినాడంట, నిన్న నీ సంవచ్చరీకానికని నాలుగు రోజులు సెలవెట్టి ఏడుస్తానే ఎళ్ళినాడంట."