తెల్ల మిషన్, నీలం మిషన్

"ఆపమ్మా ముందు. ఇదీ పాడు మిషనే," అంటూ ఆవిడ గదిలోకి దూసుకొచ్చింది.

మంచం మీద ఆవిడ భర్త పడుకుని ఉన్నాడు. పిక్కలకీ తొడలకీ నడుముకీ కట్టిన పట్టీలు గాలి నింపుకుని బిగుస్తూ, వదులవుతూ ఉన్నాయి. కోత లేకుండా గుండెకి రక్తం బాగా అందించే వైద్యం అది. ఆస్పత్రివాళ్లు రెండు కంపెనీల మిషన్లు తెప్పించి, ఏది ఉంచుకోవాలో తేల్చుకునే పనిలో ఉన్నారు. నిన్న తెల్లది, ఈ రోజు నీలంది. ఆవిడకి రెండింటి మీదా నమ్మకం లేదు. నడిపే మనుషుల మీద అసలే లేదు.

"ఏమైందాంటీ?" ఆపరేటర్ అమ్మాయి అడిగింది.

"నన్నడుగుతావేం? తలుపు అద్దంలోంచి అంతా చూశాను. నేను బయటున్నంతసేపూ తీరిగ్గా నడిచింది. లోపలికి అడుగు పెట్టానో లేదో, టపటపా పరుగు. నిన్న ఆ తెల్లదీ ఇదే వరస. నన్ను చూడగానే వేగం పెంచి, తెగ పని చేస్తున్నట్టు నటిస్తావు. అసలే నీరసపడ్డ గుండె. ఆయనకేమన్నా అయితే?"

"నేను ముట్టుకోలేదాంటీ."

"మరి దయ్యం పెంచిందా?"

"ఊరుకోవే," అన్నాడు భర్త.

"మీరు మాట్లాడకండి. మెత్తగా ఉన్నారని మీ మీద ప్రయోగాలు చేస్తున్నారు. పదండి ఇంటికి. ఈ వైద్యమే వద్దు." ఆవిడ పట్టీ ఊడదీయబోయింది.

గొడవ విని డాక్టరమ్మ వచ్చింది. ఆపరేటర్ అమ్మాయిని దూరంగా గోడ పక్కన నిలబెట్టి, ఆవిడని బయటికి పంపింది. మిషన్ నెమ్మదించింది. డాక్టరమ్మ ఆవిడని లోపలికి పిలిచింది. మిషన్ మళ్లీ పరుగందుకుంది.

"ఎవరూ ముట్టుకోలేదు, చూశారుగా. ఆయన ఛాతీకి అంటించిన వైర్లు ఉన్నాయే, వేగం చెప్పేది అవి. తెల్లదైనా నీలందైనా అంతే. ఆయన గుండె ఎలా కొట్టుకుంటే మిషన్ అలా నడుస్తుంది," అంది డాక్టరమ్మ.

ఆవిడకి పాత అనుమానం తీరింది. అంతకంటే పెద్దది పుట్టింది. భర్త వైపు తిరిగింది.

"అయితే నన్ను చూడగానే మీకెందుకా కంగారు? ఏం దాస్తున్నారు నా దగ్గర?"

ఆయన సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"మొదటిసారి నువ్వు నా పక్కన కూర్చున్న రోజు నుంచీ ఇంతేనే. ఇన్నాళ్లూ చప్పుడు బయటికి వినబడలేదు."