పది మీద ఐదు

ఒప్పుకుంటాను: పది మీద చిన్న అంకె కనబడితే ఎన్ని సున్నాలో తేల్చుకోడానికి నేనిప్పటికీ బల్ల కింద వేళ్లు లెక్కపెట్టుకుంటాను.

రమ్యకు ఆ బాధ లేదు. డిప్లొమాలో ఫస్టు. 2007లో వనపర్తి బస్టాండు పక్క రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌గా చేరింది.

ఆమె బాధల్లా బెంచీ మీది ముసలాయనతోనే.

పరీక్షకు రాడు, ఎవరికీ తోడు రాడు. రోజూ వచ్చి కూర్చుని, రిపోర్టు తీసుకున్న ప్రతివాళ్లనూ జర చూపియ్యమంటాడు. పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెట్టి తిరిగిచ్చేస్తాడు.

ఆయనుంటే తనకు పని సాగదని ఆ పొద్దునే రమ్య ఓనర్ విజయ్‌కు చెప్పేసింది. రేపటి నుంచి రావద్దంటానన్నాడు విజయ్, ఎందుకో తల దించుకుని.

మధ్యాహ్నం గోపాల్‌పేట నరేందర్ తన భార్య వసంత రిపోర్టు కోసం వచ్చాడు. వారం నుంచి జ్వరం ఆమెకు. బయట ఆటోలో పడుకుని ఉంది.

“కణాలు మంచిగున్నయా మేడమ్?”

“ప్లేట్‌లెట్లు రెండు లక్షల పైనే. ఇంటికి తీస్కపోండి.”

ముసలాయన కాగితం అందుకున్నాడు. ఈసారి తిరిగివ్వలేదు.

“బిడ్డా, మిషన్ల ఎంతొచ్చింది?”

“ఇరవై ఒకటి ఇంటూ పది మీద మూడు. పాయింటు జరిపి రెండు పాయింటు ఒకటి చేసిన. నీకు తెల్వదులే తాతా.”

“తెల్వదు గానీ, సున్నాలు పెట్టి రాయి జర.”

వదిలించుకుందామని రాసింది. ఇరవై ఒకటి. పక్కన మూడు సున్నాలు.

ఇరవై ఒక్క వేలు. ఉండాల్సింది లక్షన్నర పైన.

పాయింటు ఒక్క అడుగు జరిగితే మూడు నాలుగవ్వాలి. రోజూ లక్షలున్నవాళ్లకు రాసి రాసి, చెయ్యి అలవాటుగా ఐదు వేసింది.

బయట ఆటో స్టార్టయింది. రమ్య చెప్పులు లేకుండానే పరుగెత్తింది.

వసంత ఇంటికి కాదు, కర్నూలు దవాఖానకు పోయింది. బతికింది.

పది రోజులకు నరేందర్ గంపెడు సీతాఫలాలు తెచ్చి, పెద్దాయనేడని అడిగాడు. బెంచీ ఖాళీ.

రమ్య విజయ్‌ను అడిగింది. ఆమె అడిగిన పొద్దునే రావద్దని చెప్పేశానని, మర్నాడే ఆయన కిరాయి గది ఖాళీ చేసి ఎటో పోయాడని చెప్పి, విజయ్ బీరువాలోంచి పాత రిజిస్టరు తీశాడు.

“నీకన్న ముందు ఆ కుర్చీల ఆయననే కూసునేది.”

ఎనిమిదేళ్ల నాటి పేజీ. లలితమ్మ, 1.8 × 10⁵. ఐదును కొట్టేసి నాలుగు చేసి ఉంది. పక్కన ఎర్ర సిరాతో ‘మూడో రోజు చనిపోయింది’.

టెక్నీషియన్ సంతకం, అంజన్న. భర్త పేరు గడిలోనూ అంజన్నే.

మీరూ ఎవరినైనా అలా బెంచీ మీంచి పంపేశారా? రాయండి.